గోడమీద లేని పేరు

అమ్మా నిదియా,

కవరు మీద "పవిత్ర గాయాల సిస్టర్ ఇనెస్" అని మీ మఠం పద్ధతి తప్పకుండా గుండ్రటి అక్షరాలతో రాశాను. లోపల మాత్రం నువ్వు నాకు నిదియావే. మదర్ గారూ, ఏ ఉత్తరమైనా ముందు మీరు చదివాకే మా అమ్మాయి చేతికి వెళ్తుందని నాకు తెలుసు. అందుకే ముందు మీకే దండం పెట్టుకుంటున్నాను. ఉపవాస కాలంలో మీ దగ్గర ఉత్తరాలు ఇవ్వరు కాబట్టి, ఈస్టర్ వెళ్ళగానే ఈ ఉత్తరం ఇచ్చేటప్పుడు అమ్మాయిని ఒంటరిగా చదవనివ్వకండి. మీరు పక్కన కూర్చోండి. మీకు వీలుకాకపోతే, వంటింట్లో ఎప్పుడూ నవ్వుతూ ఉంటారని మా అమ్మాయి రాసిందే, ఆ ముసలి సిస్టర్ గారినైనా కూర్చోబెట్టండి.

ఇక నువ్వు. "ఇక్కడ మేమందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను" అని ఉత్తరం మొదలుపెట్టడం నీకు నేర్పించింది నేనే. ఈసారి ఆ వాక్యం రాయబోయి రెండు మూడు కాగితాలు చింపాను. కాబట్టి దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. నీకు ఒక మాట చెప్పాలి. ఆ తర్వాత ఇంకో మాట చెప్పాలి, అది మొదటిదానికంటే నాకు కష్టం. రెండూ విన్నాక నామీద కోపం తెచ్చుకో, నీకా హక్కుంది. కానీ అక్కణ్ణుంచి మొదలుపెట్టడం నా వల్ల కావడం లేదు. నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబులు రాసుకుంటూ వస్తాను. నడవడం మొదలుపెడితే చేరాల్సిన చోటికి ఎలాగూ చేరతాను కదా.

ముందు కంప్యూటర్ సంగతి. క్రిస్మస్ వెళ్ళాక మన ప్రింటింగ్ కొట్టుకి ఫాబియాన్ వచ్చాడు. పంచాయతీ ఆఫీసు పక్కన రిపేర్ల కొట్టు పెట్టుకున్నవాడే. "దోన్ ఎవేలియో, మీ టైపు ప్రోగ్రామ్ మ్యూజియంలో పెట్టాల్సిన వయసుకొచ్చింది, కొత్తది వేస్తాను" అన్నాడు. వేశాడు. తెర తళతళలాడింది. కొత్త కాగితం తీద్దామని చూస్తే నువ్వు చేసిపెట్టిన మూసలు ఒక్కటీ లేవు. ముసలివాళ్ళ చావు ప్రకటన లేదు, పసిపిల్లలకి వేసే తెల్ల అంచుదీ లేదు, ఉన్నట్టుండి పోయినవాళ్ళదీ లేదు, నెల పూజదీ లేదు. వాటి బదులు ఏమున్నాయో తెలుసా? పుట్టినరోజు పార్టీకి బెలూన్లు, పెళ్ళికి పూలు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే పళ్ళికిలించే బొమ్మలు. ఆ ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్ళ ఊళ్ళో ఎవరూ చచ్చిపోరేమోనని నాకు అనుమానం.

"ఒరేయ్, మా అమ్మాయి మూసలేవిరా?" అన్నాను.

"ఉంటాయి దోన్ ఎవేలియో, ఎక్కడికీ పోవు, వెతికితే దొరుకుతాయి" అన్నాడు.

"సరే, వెతుకు."

కాసేపు అటూ ఇటూ నొక్కి, "అయినా ఈ కాలంలో ఎవరండీ గోడమీద కాగితాలు అంటించేది? ఫోన్లో పెడితే ఊరంతా చూస్తుంది" అన్నాడు.

"నువ్వు పోయినప్పుడు ఫోన్లోనే పెడతాలే, ముందు ఇది చూడు" అన్నాను. వాడు నవ్వి, రేపొస్తానని వెళ్ళాడు. వాడి రేపు ఇంకా తెల్లారలేదు.

అప్పుడే నీకు రాశాను. నువ్వు జవాబు రాశావు, ఉపవాస కాలం మొదలవడానికి ముందు మీ మఠం నుంచి వచ్చిన ఆఖరి ఉత్తరం అదే. కంప్యూటర్ మొహం చూసి ఆరేళ్ళయినా నీకన్నీ గుర్తున్నాయి. మూసలు పోలేదు నాన్నా, ఎక్కడ పెట్టానో అక్కడే ఉన్నాయి, పాత ప్రోగ్రామ్ తనంతట తాను ఆ ఫోల్డర్లోకి తొంగిచూసేది, కొత్తది నువ్వు చెబితేగానీ చూడదు, దానికి ఎక్కడ చూడాలో చెప్పాలి అని రాశావు. ఏది నొక్కాక ఏం వస్తుందో, దాక్కున్న ఫోల్డర్ని ఎలా బయటికి లాగాలో, ఆ ఫోల్డర్ దారిని ఏ గడిలో రాయాలో బొమ్మ గీసి మరీ చూపించావు. నీ ఉత్తరం ప్రింటర్ పక్కన పెట్టుకున్నాను. అలా చేశానా అంటే చెయ్యలేదు. అప్పట్లో చెయ్యలేదు. ఎందుకో వస్తున్నాను.

మూసలు లేకపోతే పని ఆగదు కదా. నేనేం చేశానంటే, కిందటిసారి వేసిన ప్రకటన తెరిచి, దానిమీదే కొత్త పేర్లు కొట్టి, ప్రింటు తీయడం మొదలుపెట్టాను. నువ్వు చిన్నప్పుడే నన్ను తిట్టేదానివి, "అలా ఒకళ్ళ చావు మీద ఇంకొకళ్ళ చావు రాయకు నాన్నా, ఏదో ఒకటి మిగిలిపోతుంది" అని. పదో క్లాసు కూడా కాకముందే ఆ మూసలు నువ్వు కూర్చుని చేసింది అందుకే. నాకు గుర్తుంది. గుర్తుండీ అదే చేశాను.

రెండో ప్రశ్న. కుక్క బాగానే ఉంది. ముసలిదైంది, చెవులు వినపడవు, అయినా గిల్దార్దో జీపు వీధి మొదట్లోకి రాగానే లేచి మొరుగుతుంది. వాసన పట్టేస్తుందనుకుంటాను. గిల్దార్దోని మర్చిపోలేదుగా? అరటి గెలలు, కాఫీ బస్తాలు కట్టుకుని, పైన మనుషుల్ని ఎక్కించుకుని కొండ దిగేవాడు. సరిగ్గా మన ఇంటి గుమ్మానికి అడ్డంగా జీపు ఆపడం, మీ అమ్మ బక్కెట్టు నీళ్ళు తెచ్చి దానిమీద కుమ్మరించడం, ఆమె "నీ చక్రాలు ఊడిపోను!" అంటే అతను టోపీ తీసి "జీపు కడిగినందుకు థాంక్సు దోన్యా ఒలివా" అనడం నువ్వున్నప్పటి నుంచీ ఉన్న భాగవతమే.

మూడో ప్రశ్న నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడిగేదే. నా ఉత్తరాలు అమ్మ ఇంకా చదవడం లేదా అని. నువ్వు మఠానికి వెళ్ళిన రోజు నుంచి ఆమె నీ ఉత్తరాలు విప్పకుండా కుట్టుమిషను సొరుగులో వేసేదని నేను నీకు రాసింది అబద్ధం కాదు. నా ఎదురుగా అలాగే చేసేది. కానీ ఆ కవర్ల అంచులకి మొక్కజొన్న పిండి అంటుకుని ఉండేది. నేను కొట్టుకి వెళ్ళగానే, అరేపా రొట్టెలు ఒత్తుతూ ఒత్తుతూ, చేతులు కూడా కడుక్కోకుండా చదివేదన్నమాట. నాకు తెలుసని ఆమెకి తెలుసు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. నీ పేరు మార్చుకున్నావన్నదే ఆమెకి మింగుడుపడలేదు. "నేను పెట్టిన పేరు దేవుడికి పలకడం రాదా? గాయాల ఇనెస్ అట! కడుపున పుట్టినదానికి గాయాల పేరేంటి?" అనేది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కొత్త పేరు ఆమె నోటివెంట రాలేదు. మఠం ఊచల కిటికీ దగ్గరికి నేను ప్రతి ఏడూ వచ్చి నిన్ను చూసి వెళ్ళాను, ఆమె రాలేదు. రాకపోవడం ఎంత కష్టమో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, రావడం కంటే అదే కష్టం.

నాలుగో ప్రశ్న. ఈసారి గోడమీద ఎవరెవరున్నారు నాన్నా, ప్రార్థనలో తలుచుకుంటాను అని అడిగావు. చర్చి పక్కగోడ నీకు కళ్ళకి కట్టినట్టు ఉండాలి, సంతవైపు తిరిగి ఉన్న ఆ సున్నపు గోడ. మొదట చేపల బెరెనీసె. తర్వాత కాఫీ మిల్లు దగ్గర ఉండే ఆ మూగ పిల్లాడి తాత. ఆ తర్వాత గిల్దార్దో, రోస్మీరాల నాన్న దోన్ ఎరిబెర్తో, పడుకుని నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు.

ఆయన తర్వాత మీ అమ్మ.

రాసేశాను తల్లీ. మదర్ గారూ, దాని చెయ్యి పట్టుకోండి.

క్రిస్మస్ ముందు నుంచే ఆమెకి అన్నం సహించేది కాదు. నేను వంట బాగాలేదంటున్నానని అలిగిందనుకున్నాను. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కడుపులో ఉందన్నారు, అన్నిచోట్లకీ పాకిందన్నారు. కోసి లాభం లేదన్నారు. ఇంటికి తీసుకొచ్చేశాను. ముందు గదిలో, కుట్టుమిషను పక్కన, వీధి కనిపించేలా మంచం వేశాను. నువ్వు మూసల గురించి రాసిన ఉత్తరం వచ్చింది అప్పుడే. సొరుగులో వెయ్యబోతుంటే, "అదేంటి, ఇటు చదువు" అంది. మొదటిసారి. చదివాను. ఏ బొత్తం నొక్కాలి, ఏ ఫోల్డర్ ఎక్కడుంది అన్నీ కళ్ళు మూసుకుని విన్నది. "దీనికి ఆ మిషన్లో ఏ మూల ఏం పెట్టిందో కూడా గుర్తుందయ్యా. ఇక్కడిది ఏదీ మర్చిపోలేదన్నమాట" అంది. అని చాలాసేపు అటు తిరిగి పడుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలీదు, నేను చూడలేదు.

నీకు కబురు పెడదామని ఎన్నిసార్లు అన్నానో. మఠం గుమ్మం దగ్గరి సిస్టర్ గారికి ఒకసారి ఫోన్ కూడా చేశాను. "ఉపవాస కాలం కదండీ, ఏదైనా ముఖ్యమైతే మదర్ గారికి చెబుతాను" అంది పాపం ఆవిడ. మీ అమ్మ మంచం మీద నుంచి వేలు చూపించి నన్నే చూస్తోంది. "ఏం లేదమ్మా, పంపిన చీజు అందిందా అని" అని పెట్టేశాను. ఆ తర్వాత తను చెప్పిన మాటలు నీకు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఒక్కటి కూడా నాది కాదు.

"చెప్తే వస్తానంటది. వాళ్ళు పంపకపోతే ఆ దేవుడి మీద దానికి కోపమొస్తది, ఆయనతోనే కదా అది బతకాల్సింది. పంపితే నన్నిట్టా చూసి, నిన్ను ఒంటరిగా ఒదల్లేక, మళ్ళీ ఎళ్ళదు. ఇంతకాలం ఎళ్ళొద్దు ఎళ్ళొద్దని ఏడ్చినదాన్ని, ఇప్పుడు నా చావుతో దాన్ని ఎనక్కి లాగానని అనిపించుకోను. నేను పోయాక దాన్ని ఈస్టర్ పండగ చేసుకోనీ. ఆ తర్వాత చెప్పు."

"నాకు పాపం చుట్టుకుంటుందే" అన్నాను.

"నీకున్నవాటిలో ఇదొకటి, కనబడదులే" అంది. చచ్చిపోతూ కూడా నన్ను వదిలిపెట్టలేదు చూడు.

ఇంకో రోజు, అంటే సెయింట్ జోసెఫ్ పండగ వెళ్ళాక, ఫాదర్ వచ్చి ఆఖరి ఘడియల పవిత్ర నూనె రాసి వెళ్ళాక, నన్ను దగ్గరికి పిలిచింది. "నా కాగితం నువ్వే కొట్టు. పిల్లల పేర్లుండే చోట దాని కొత్త పేరు పెట్టు, నిదియా అని కాదు. పవిత్ర గాయాల సిస్టర్ ఇనెస్. మొత్తం పెట్టు, కుదించకు. ఊరందరికీ తెలవాలి నేను ఒప్పుకున్నానని. ఆరేళ్ళు నమిలాను, ఇప్పటికి దిగింది" అంది. ఆ పేరు రెండుసార్లు నాచేత చెప్పించుకుని, తనూ ఒకసారి పలికింది. మెల్లగా, కొత్త చెప్పులు వేసుకుని నడిచినట్టు పలికింది. నువ్వు వినాల్సిన మాట నేను విన్నాను తల్లీ, నా చెవులు కోసి నీకు పంపలేను.

మర్నాడు పొద్దున, నేను బెల్లం నీళ్ళు కాచి తెచ్చేసరికి, వీధివైపు చూస్తూనే వెళ్ళిపోయింది. నొప్పి లేదు. అది మాత్రం నిజం.

ఇప్పుడు రెండో మాట.

కొట్టు తీశాను. ఊళ్ళో ఎవరు పోయినా కాగితం కొట్టేది నేనే కదా, నాకు ఎవరు కొడతారు? నీ ఉత్తరం ప్రింటర్ పక్కనే ఉంది, నువ్వు గీసిన బొమ్మతో సహా. కూర్చుని నువ్వు చెప్పినట్టు చేస్తే ఒక కాఫీ తాగినంతసేపు పట్టేది. నా వల్ల కాలేదు. అలవాటు ప్రకారం చేతులు కిందటి ప్రకటన తెరిచాయి, దోన్ ఎరిబెర్తోది. పేరు కొట్టేసి ఒలివా అని రాశాను. తేదీ మార్చాను. చర్చి వేళ మార్చాను. ఆయనకి లేని వాక్యం, పవిత్ర నూనె అందుకున్నదని, అది చేర్చాను. భార్య అని ఉన్నచోట భర్త అని మార్చి, ఎవేలియో అని కొట్టాను. ఇన్నేళ్ళలో ఎందరి పేర్లో ఆ వరసలో కొట్టాను, నా పేరు కొట్టడం మొదటిసారి. ఆ తర్వాత నాకేమీ కనబడలేదు. ప్రింటు నొక్కేశాను. పిండి జిగురు కలుపుకుని నా చేత్తోనే గోడకి అంటించి, కొన్ని చౌక్‌లో స్తంభాలకి కట్టించి, ఇంటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

ఇంట్లో మనుషులు నిండిపోయారు. కొందరు నన్ను అదోలా చూస్తున్నారు. దుఃఖంలో ఉన్నాను కదా, జాలి అనుకున్నాను. మధ్యాహ్నం పెట్టె ఎత్తే వేళకి గిల్దార్దో వచ్చాడు. వాళ్ళ నాన్నకి వేసుకున్న నల్లకోటే వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, తిన్నగా పెట్టె ముందుకొచ్చి కొడుకులు పట్టుకునే చోట పట్టుకున్నాడు.

"అబ్బాయ్, నువ్వు అక్కడ కాదు" అన్నాను.

"ఇక్కడే దోన్ ఎవేలియో. గోడమీద రాశారుగా" అన్నాడు.

"ఏం రాశాను?"

అతను తల దించుకున్నాడు. చెప్పింది వాళ్ళక్క రోస్మీరా, నా చెవి దగ్గర, ఎవరికీ వినబడకుండా. "పిల్లలు: గిల్దార్దో, రోస్మీరా అని ఉందండీ. మా నాన్న కాగితంలోది అలాగే ఉండిపోయినట్టుంది. మీరేం కంగారుపడకండి. ఎవరూ ఏమీ అనరు."

అర్థమైందా నిదియా? మీ అమ్మ కాగితం మీద నీ పేరు లేదు. నిదియా లేదు, ఇనెస్ లేదు. అది ఆమె నన్ను కోరిన ఆఖరి కోరిక, నేను తీర్చలేదు. నువ్వు లేని ఊళ్ళో, నువ్వు రాలేని చావుకి, కనీసం నీ పేరు ఉండాల్సిన చోట వేరేవాళ్ళ పేర్లు పెట్టి గోడకి అంటించాను. ఇదే నా కష్టమైన మాట.

పరిగెత్తి చింపేద్దామనుకున్నాను. కానీ ఒకసారి అంటించిన కాగితాన్ని వాన తప్ప మనిషి తీయకూడదు. తీస్తే ఆ మనిషిని రెండోసారి చంపినట్టే. ఆ మాట ఊరందరికీ చెబుతూ వచ్చినవాణ్ణి నేనే, ఇక నేనెలా తీస్తాను? ఇంకోటి పక్కన అంటిస్తే ఇద్దరు ఒలివాలు చచ్చిపోయినట్టు. "వదిలెయ్యండి దోన్ ఎవేలియో" అన్నాడు గిల్దార్దో. "ఆవిడ నా జీపుని ఎన్నిసార్లు కడిగిందో! సొంత అమ్మ కూడా అంత కడగదు. ఆ గోడ అబద్ధమాడిందని నేను అనిపించను. పదండి, ఎత్తుదాం." ఎత్తాడు. సమాధుల దాకా భుజం మార్చలేదు. రోస్మీరా నా పక్కన నిలబడి, వచ్చినవాళ్ళందరినీ కౌగలించుకుని, మీ అమ్మకి బదులుగా, నీకు బదులుగా, "దేవుడు మీ మేలు మరువడు" అంటూనే ఉంది. గంట కొట్టే ముసలాడు మాత్రం ఊరుకోకుండా, "ఒలివా పోతూపోతూ ఇద్దర్ని కన్నది" అన్నాడు. కొందరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వే ఏడుపైపోయింది.

ఇంట్లో తొమ్మిది రోజుల జపమాలకీ వాళ్ళిద్దరూ వచ్చారు. రోస్మీరా కాఫీ కాచేది, గిల్దార్దో కుర్చీలు మోసేవాడు. జీపు మాత్రం వీధి చివర ఆపి నడిచి వచ్చేవాడు. మూడో రోజు నేనే చెప్పాను, గుమ్మం ముందే ఆపమని. ఆపాడు. ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. అతను కాసేపు జీపులోనే కూర్చుండిపోయాడు, దిగలేదు.

ఈ ఏడు ఎండలు ముదిరి వాన పడలేదు. రోజూ కొట్టుకి వెళ్తూ వస్తూ ఆ గోడ చూస్తున్నాను. నీ పేరు లేని ఆ కాగితం అలాగే, నిన్న అంటించినట్టు ఉండేది. ఆమె నన్ను చూస్తున్నట్టే ఉండేది. ఆఖరికి గుడ్ ఫ్రైడే ఊరేగింపు తిరిగొచ్చే వేళకి మబ్బు పట్టి కుండపోతగా కురిసింది. జనమంతా చర్చిలోకి పరిగెత్తారు. నేను గోడ దగ్గర తడుస్తూ నిలబడ్డాను. ముందు మూలలు లేచాయి, తర్వాత నల్ల అంచు, తర్వాత పేర్లు జారిపోయాయి.

మర్నాడు, పవిత్ర శనివారం, కొట్టు తలుపు సగం వేసుకుని నీ ఉత్తరం ముందు పెట్టుకున్నాను. ఈస్టర్ తర్వాత వచ్చే శనివారం మీ అమ్మ నెల పూజ. ఆ కాగితం మళ్ళీ ఇంకొకళ్ళ చావు మీద రాయదలుచుకోలేదు. నువ్వు గీసినట్టే నొక్కుకుంటూ వెళ్ళాను. నువ్వన్న ఆ గడి ఖాళీగానే ఉంది, సొంత మూసలు ఎక్కడున్నాయో రాయమని. నువ్వు రాసిన దారి అక్షరం అక్షరం చూసి కొట్టాను. ఒకచోట తప్పు పడితే ఒప్పుకోలేదు, మళ్ళీ కొట్టాను. ప్రోగ్రామ్ మూసి తెరిచాను. బెలూన్ల పక్కనే "సొంతవి" అని కొత్తగా ఒక అర వచ్చింది. నొక్కితే అన్నీ ఉన్నాయి. తెల్ల అంచుది, నల్ల అంచుది, నెల పూజది. ఆరేళ్ళుగా ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, నువ్వు చెప్పినట్టే.

నెల పూజది తెరిచాను. నువ్వు పదో క్లాసులోనో ఎప్పుడో, నేను తప్పులు చెయ్యకూడదని, ప్రతి ఖాళీలోనూ బూడిద రంగు అక్షరాలతో ఏం రాయాలో నాకు చెప్పిపెట్టావే, అవి అలాగే ఉన్నాయి. "ఇక్కడ పోయినవారి పేరు." "ఇక్కడ పూజ వేళ, ఫాదర్‌ని అడిగి రాయి." వాటిని రోజూ చూసినప్పుడు నేనెప్పుడూ చదవలేదు, చేతులే చూసేవి. ఈసారి ఒక్కొక్కటీ చదివాను. పిల్లల వరస దగ్గరికి వచ్చేసరికి ఇలా ఉంది: "ఇక్కడ పిల్లలందరి పేర్లు. ఎవరినీ వదలకు నాన్నా."

కొట్టులో ఒక్కణ్ణే తల్లీ, గట్టిగానే ఏడ్చాను. ఖాళీ ఉంటే కంటికి కనిపిస్తుంది, వేరేవాళ్ళ పేరు ఉంటే కనిపించదు. నువ్వు అందుకే ఖాళీలు పెట్టావు. ఆ రోజు పొద్దున ఒక్క కాఫీ తాగినంతసేపు కూర్చుని ఉంటే, నువ్వే నాకు చెప్పి ఉండేదానివి.

ఏడవడం అయ్యాక రాశాను. పవిత్ర గాయాల సిస్టర్ ఇనెస్ అని, మొత్తం, కుదించకుండా. సరిగ్గా రాశానా అని నీ కవరు పక్కన పెట్టి చూసుకున్నాను. తర్వాత చెయ్యి ఆగింది. గిల్దార్దో కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తలుపు సందులోంచి చూస్తూ, టోపీ చేతిలో పట్టుకుని, "మా పేర్లు తీసేస్తారుగా ఇక, దోన్ ఎవేలియో? తీసెయ్యండి, పర్లేదు" అన్నాడు.

నేను నీ వాక్యాన్ని చూశాను. నువ్వు రాసింది నేను మార్చలేను కదా. పిల్లలు: పవిత్ర గాయాల సిస్టర్ ఇనెస్, గిల్దార్దో, రోస్మీరా. అలా ప్రింటు తీశాను. జిగురు అతనే కలిపాడు. గోడకి నేనే అంటించాను. ఇప్పుడది సంతవైపు చూస్తోంది. మళ్ళీ వాన పడే దాకా ఉంటుంది.

ఒక కాగితం మడిచి ఇందులో పెడుతున్నాను. మీ మఠంలో గోడలకి ఏమీ అంటించకూడదని తెలుసు, ప్రార్థన పుస్తకంలో పెట్టుకో. శనివారం పొద్దున చర్చి గంట మోగే వేళకి నువ్వక్కడ మోకాళ్ళ మీద ఉంటే, నేను ఇక్కడ ముందు వరసలో, వాళ్ళిద్దరి మధ్య ఉంటాను. గోడమీద ఎవరున్నారని ఇక నేను చెప్పక్కర్లేదు.

మొదట్లో రాయకుండా వదిలేసిన వాక్యం ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. కుక్క క్షేమం. అందరం అని రాయలేను తల్లీ, ఇంక ఎప్పటికీ రాయలేను. నువ్వైనా క్షేమంగా ఉండు. ఆ దేవుడి మీద కోపం తెచ్చుకోకు, మీ అమ్మ భయపడింది దానికే. రావాలంటే నామీద తెచ్చుకో.

ఇట్లు,
నీ పేరు ఒకసారి వదిలేసిన
మీ నాన్న
ఎవేలియో